గోతులు త్రవ్వువారి హాస్యము

నవ్వు నాలుగు విధముల చేటని పెద్దలు చెప్పుదురు. ఆ మాట యెంత నిజమో, నవ్వు వినబడని యిల్లు దీపము లేని గుడివంటిదనుటయు నంత నిజమే. కావున నవ్వవలయునా మానవలయునా యనునది ప్రశ్న కాదు. ఎవరితో గూడి, ఎవరిని గూర్చి, ఏ హద్దువరకు నవ్వవలయుననునదే ప్రశ్న. దీనికి సమాధానము వెదకుచు మేమీ మాసము మన సోదరీమణులను మిక్కిలి వింతయైన తావునకు తీసికొనిపోదలచితిమి. అది మన పిల్లలు బడినుండి వచ్చినది మొదలు కన్నార్పక చూచుచుండు వీడియో ఆటల తెర.

ఆ తెర పేరెత్తగానే తల్లులనేకులు మొగము చిట్లింతురని మే మెరుగుదుము. అన్నము చల్లారుచున్నదని పిలిచినను పలుకని బిడ్డను జూచి కోపము రాని తల్లి యుండదు. మేమా కోపమును తప్పుపట్టము. కాని తెరపై జరుగునదంతయు నొక్కతీరు కాదు. అందొక మూల, ఆటను కొనుక్కొని యాడువారే తమ బుద్ధితో క్రొత్త ఘట్టములను గట్టి, ఒండొరుల నాటపట్టించి, కడుపుబ్బ నవ్వించుకొనుచున్నారు. ఆ పని చూచుటకు కొంటెతనమే యైనను, దగ్గరనుండి పరిశీలించినచో నందొక కళయు, నొక ధర్మమును గలవని మాకు దోచినది.

సంగతి తెలియుటకై మొదట అసలాటను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది. నింటెండో యను జపాను సంస్థ 1985వ సంవత్సరమున సూపర్ మారియో బ్రదర్స్ అను నాటను వెలువరించినది. దానిని రూపొందించినవారిలో షిగెరు మియమోటో, తకాషి తెజుకా యనువారు ముఖ్యులు. మారియో యనువాడు మీసములు గల పొట్టివాడు; తలపై నెర్రటోపీ. వాడు తెరకెడమనుండి కుడికి పరుగెత్తుచు, గోతులను దాటుచు, ఎదురువచ్చు శత్రువుల నెత్తిపై దుముకుచు గమ్యము చేరవలయును. ఆడువారి చేతిలో కొన్ని మీటలుండును. ఒక మీట నొక్కిన దుముకును, వేరొకటి నొక్కిన పరుగెత్తును. ఇట్టి ప్రయాణములోని యొక్కొక్క భాగమును ఆటగాండ్రు లెవెలందురు, మేము ఘట్టమనుచున్నాము.

ఆ యాటలోని మొదటి ఘట్టమును గట్టిన తీరు చూడదగినది. తప్పటడుగులు వేయు బిడ్డకు తల్లి నడక నేర్పినట్లే యది ఆడువానికి నేర్పును. మొదట నొక చిన్న శత్రువు నెమ్మదిగా నెదురువచ్చును. దుముకనిచో చత్తువని యొక్క మాటయైన చెప్పకయే తెలియును. పిమ్మట ప్రశ్నార్థకపు గుర్తుగల పెట్టె నొకదానిని తలతో గొట్టగా, నందుండి పుట్టగొడుగు వెలువడి కుడివైపునకు జారి, గొట్టమునకు తగిలి వెనుకకు మరలి మారియోవద్దకే వచ్చును. భయపడి తప్పించుకొనజూచినను అది తగులకపోవుట యరుదు. తగిలిన తరువాత వాడు పెద్దవాడగుటజూచి, యది విషము కాదు వరమని పిల్లవాడు గ్రహించును. మరికొంత దూరమున రెండు మెట్లగుట్టలు, వాని నడుమ నేల. దానిని దాటుట యభ్యాసమైన తరువాతనే అట్టివే మరి రెండు గుట్టలు, ఈసారి నడుమ గొయ్యి. ఆ దారిలోనే యొకచోట కంటికి గనబడని పెట్టె యొకటి గలదు. అదృష్టవశమున తల తగిలినచో నందుండి యదనపు ప్రాణము లభించును. కట్టినవారి మనస్సు దయగలది. వారు దాచినది కానుక.

ఇతరుల యాటలో తామును ఘట్టములు గట్టవలెనను కోరిక యంతకు ముందే పుట్టినది. 1983లో అమెరికాలో డగ్లస్ స్మిత్ అను విద్యార్థి రచించిన లోడ్ రన్నర్ అను నాట వెలువడినది. అందు 150 ఘట్టములుండుటయే కాక, ఆడువారు తమకు దోచిన ఘట్టములను దామే గట్టుకొనుటకు వలయు సాధనము గూడ నుండెను. మరుసటి యేడు, అనగా 1984లో, ఆటగాండ్రు పంపిన ఘట్టములనుండి కూర్చిన మరియొక యాటయు వచ్చినది. చూచుటకు గట్టి యిటుకవలెనే యుండి, కాలు మోపగానే క్రిందికి జారవిడుచు దొంగ యిటుకలు లోడ్ రన్నరులోనే గలవు. చుక్కలు పెట్టి ముగ్గువేయు మన యాడువారికి ఈ పని స్వభావము వెంటనే బోధపడును. చుక్కలన్నియు నొక్కటే, వానిని గలుపు చేయి మారినచో ముగ్గు మారును. గడులన్నియు నొక్కటే, వానిలో నేది యెక్కడ నుంచుట యనునదియే కట్టువాని ప్రజ్ఞ.

కాని కొంటెతనము కళగా మారిన సంవత్సరము 2007 అనవచ్చును. ఆ యేడు జపానులో నొక యభిమాని, 1990లో వెలువడిన సూపర్ మారియో వరల్డ్ అను నాటను తన యిష్టము వచ్చినట్లు మార్చి, దానిని తన స్నేహితునిచే నాడించి, ఆ దృశ్యములను నికో నికో అను జపాను వీడియో వేదికలో లోకమునకు జూపెను. ఆ దృశ్యములకు పెట్టిన పేరునకర్థము ‘నేను మార్చిన మారియోను నా స్నేహితునిచే నాడించుట’ యని. మార్పు చేయుటను జపాను భాషలో కైజో యందురు; నాటినుండి యిట్టి ఘట్టములకు కైజో యను పేరే స్థిరపడినది. ఆ పేరులోనే హాస్యమంతయు నిమిడియున్నది. శత్రువునకు త్రవ్విన గొయ్యి కాదది. స్నేహితుడు పడుటకు, పడి లేచి తిట్టుటకు, తిట్టి మరల నాడుటకు త్రవ్విన గొయ్యి.

అందలి ప్రసిద్ధమైన చమత్కారము ఇట్టిది. ఎదుట గొయ్యి యున్నది, ఆవల గట్టున్నది, దూరము సులభముగా దుముకదగినదే. ఆడువాడు నిశ్చింతగా దుముకును. సరిగా నడుమనున్నప్పుడు, ఏమియు లేని యాకాశములో ‘టంగు’మని వాని నెత్తికి పెట్టె యొకటి తగులును. వాడు తిన్నగా గోతిలో పడును. పడుచుండగా ఆ పెట్టెలోని నాణె మొకటి వాని ఖాతాలో జమయగును! చచ్చిన వానికి సంభావన యన్నట్లు ఆ నాణెపు చప్పుడు చెవిని బడినప్పుడు నవ్వనివాడు లేడు. అసలాటలో కానుక దాచిన కనబడని పెట్టెనే యిచట పిడుగుగా మార్చిరి. వస్తువది యే, స్థానము మారినది. హాస్యమునకు స్థానమే ప్రాణము.

దీనిని మించినది వేరొకటి. ఆడువాడు నానాయాతనలు పడి తుదకు గమ్యద్వారమును దాటును. విజయగీతము మ్రోగును. అప్పటినుండి మారియో తనంత తానే నడచిపోవును, మీటలు పనిచేయవు. సరిగా నాసమయమున ఎక్కడినుండియో ఒక శత్రువు వచ్చి వానిని తాకును. లేక కాలిక్రింద నేల లేక వాడు పడిపోవును. గీతము మ్రోగుచుండగనే ప్రాణము పోవును; ఘట్టము మరల మొదటినుండి యాడవలయును. పెండ్లి భోజనమై చేయి కడుగుకొనిన తరువాత, అయ్యా ముహూర్తము రేపని చెప్పినట్లుండును. అయినను ఇందును న్యాయము లేకపోలేదు. ముందుగా నెక్కడనో చేసికొనవలసిన యేర్పాటు చేసికొనినచో నీ యాపద తప్పును. తెలివిగల యాటగాడు రెండవసారి దానిని వెదకి పట్టుకొనును.

అదే సంవత్సరమున అమెరికాలో నొకరు స్వయముగా రచించిన ఐ వాన్నా బి ది గై యను నాటలో నొక చెట్టు గలదు. దాని క్రిందుగా పోవుచుండగా పండు రాలి నెత్తిన బడి చంపును. సరే, పండు క్రిందికి రాలుననుట లోకసహజము. జాగ్రత్తగా తప్పించుకొని చెట్టుపైకెక్కి పోవుదమనుకొన్నచో, క్రిందనున్న పండు మీదికి ‘రాలి’ చంపును! మొదటి పండు భయము నేర్పును. రెండవ పండు ఆ నేర్చిన పాఠమునే వెక్కిరించును. ఇదియే యీ కళకు సూత్రమని మా యభిప్రాయము. ఏమియు నెరుగనివానిని పడద్రోయుట సులభము. ఒకసారి పడి బుద్ధితెచ్చుకొన్నవానిని, ఆ తెచ్చుకొన్న బుద్ధివలననే పడద్రోయుట కష్టము. మన వైకుంఠపాళిలో పై వరుసకు జేరిన తరువాత పెద్దపాము మ్రింగినపుడును నవ్వు వచ్చును గాని, అది పందెపు గవ్వల దోషము. ఇచట గవ్వలు లేవు. ఒక మనుష్యుడు మన యాలోచనను మనకంటె ముందుగా నాలోచించి, మనము కాలు పెట్టబోవు చోటనే గొయ్యి త్రవ్వియుంచినాడు. పడినపుడు కలుగు నవ్వులో సగము, ‘అయ్యో, వీడు నన్నెంత బాగుగా నెరుగును!’ అను నాశ్చర్యమే.

2015 సెప్టెంబరులో నింటెండో సంస్థయే సూపర్ మారియో మేకర్ అను పేర, ఘట్టములు గట్టుకొను సాధనమునే యొక యాటగా వెలువరించినది. గడుల తెరపై కలమువంటి పుల్లతో నేలను, గోతులను, శత్రువులను, గొట్టములను అమర్చుట యందలి పని. పూర్వము నిపుణులు గడుల కాగితముపై వేసికొన్న పటములను ఇప్పుడు పదేండ్ల బాలిక గూడ వేయగలిగినది. మరుసటి యేడు మే నెలనాటికే లోకమంతటినుండి 70 లక్షలకు పైగా ఘట్టములు చేరెనని సంస్థవారు ప్రకటించిరి.

ఆ యాటలో నొక నియమముండెను. దానిని మేము మిక్కిలి గౌరవింతుము. ఎవరైనను ఘట్టమును గట్టి లోకమునకు పంపవలయునన్నచో, ముందుగా తామే దానిని మొదటినుండి తుదివరకు ఆడి గెలువవలయును. గెలువలేనిచో పంపుటకు వీలులేదు. ఒకరికి త్రవ్విన గోతిలో తానే పడెనను సామెత మనయందు శాపముగా వాడుదురు, అచటనది శాసనము. తాను దాటలేని గోతిని ఇతరులకు త్రవ్వరాదు. ఎంత కఠినమైన ఘట్టమునకైనను, దానిని గట్టినవాడు ముందుగా వందసారులు పడి లేచియుండును.

కొంటెవారు ఈ నియమమునకు గూడ ఒక సందు కనిపెట్టక మానలేదు. తమ కొరకు మాత్రమే యెక్కడనో రహస్యపు దొడ్డిదారి నుంచి, దానిగుండ గమ్యము జేరి, ఘట్టమును పంపినవారును గలరు. వంటయింటి పిల్లికి కిటికీ దారి తెలిసినట్లు, ఆటగాండ్రా దొడ్డిదారులను వెదకి పట్టుటలో ఆరితేరిరి.

అన్నియు గోతులే యనుకొనరాదు. సౌమ్యమైన హాస్యము గలవియు గలవు. ఒక జాతి ఘట్టములలో నాటగాడు చేయవలసిన పని యేమియు లేకపోవుటయే పని. చేతులు ముడుచుకొని కూర్చున్నచో, మారియో తనంత తానే యెగిరి, దొరలి, శత్రువుల నెత్తుల నడుమనుండి వెంట్రుకవాసిలో తప్పించుకొని, క్షేమముగా గమ్యము చేరును. ఎవరైన తొందరపడి యొక్క మీట నొక్కినచో వెంటనే చచ్చును. ‘నీవు సాయము చేయకుండుటయే పెద్ద సాయము’ అని పండుగనాడు వంటయింటిలో మనము పిల్లలతో ననుమాట కిది దృష్టాంతము. మరియొక జాతియందు మారియో పరుగెత్తుచుండగా, దారిపొడవున నమర్చిన వస్తువులు నియమము తప్పక మ్రోగి యొక పాటగా వినబడును. చప్పట్లును, నవ్వును వినిపించు గుర్తులు గూడ నా సాధనములో నుండెను. పడిన చోటనే నవ్వు వినబడునట్లు వానిని దాచిన రసికులెందరో.

ఇక ఆటపట్టించుటకే గట్టిన ఘట్టములలో మంచిదానిని చెడ్డదానినుండి వేరుచేయునది యేది? ఈ విషయమున నా కళాకారులలోనే గట్టి యభిప్రాయములు గలవు. ఎనిమిది తలుపులు పెట్టి, ఏడింటి వెనుక చావును, ఒక్కదాని వెనుక దారిని ఉంచినచో నది హాస్యము కాదు, చెత్తయని వారందురు. ఏలయన నందు త్రవ్వినవాని బుద్ధి లేదు, పడినవాని తప్పును లేదు. ఒకే చమత్కారమును పదిసారులు చెప్పుటయు దోషమే. ఇంకొక నియమము మరింత మెచ్చదగినది. ఆడువాడు చావలేక, ముందుకు పోలేక చిక్కుపడు చోట్లలో, వాడు మరల మొదలుపెట్టుటకు వీలుగా నేదో యొక దారిని కట్టువాడే యేర్పరుపవలయును. నవ్వుకొనుటకు బంధింపవచ్చును గాని, బంధించి మరచిపోరాదు. మంచి కొంటెవాడు మన కాలమునకు విలువ నిచ్చును.

మారియో మేకరులో నింకొక చక్కని యేర్పాటుండెను. నీవు చచ్చినపుడు, నీకు ముందాచోటనే చచ్చిన యితరుల గుర్తులు తెరపై గనబడును. కనబడని పెట్టె తగిలి నీవు గోతిలో పడగానే, ఆ చోటనే యింటూ గుర్తులు గుంపులుగా దర్శనమిచ్చును. ‘నీవొక్కతెవే కాదమ్మా, మేమందరమును పడినవారమే’ యని వారు పలుకరించినట్లుండును. సిగ్గు పోయి నవ్వు వచ్చును.

ఇచట మాకు మయసభ జ్ఞప్తికి వచ్చుచున్నది. మయుడు గట్టిన యా సభయు నిట్టి ఘట్టమే కదా! దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీరనుకొని బట్టలెత్తుకొనెను. ఆ యనుభవమువలన బుద్ధితెచ్చుకొని, నిజమైన నీటిని నేల యనుకొని యందు పడెను. లేని ద్వారమున నున్నదనుకొని తల గొట్టుకొనెను. మొదటి పండును, రెండవ పండును, కనబడని పెట్టెయు నన్నియు నచటనే యున్నవి. కాని ఫలితమేమైనది? భీమాదులు నవ్విరి, ద్రౌపది నవ్వెనని లోకవాడుక. ఆ నవ్వు కురుక్షేత్రమువరకు పోయినది. లోపమెక్కడ? సభయందు కాదు, నవ్వులో నున్నది. అచట పడినవాడొక్కడు, చూచి నవ్వినవారందరు తడవని బట్టలతో నిలిచియున్నవారు. పడినవానికి ‘మేమును నిన్న నిచటనే పడితిమి’ యని చెప్పిన వారొక్కరును లేకపోయిరి. తాను పడని గోతిలో నితరుడు పడగా నవ్వుట అపహాస్యము. తానును పడి, చేయి యందించి, కలిసి నవ్వుట హాస్యము.

ఈ ధర్మము నెంతవరకు వారు పాటించిరో 2024లో జరిగిన యొక సంగతి తెలుపును. మొదటి మారియో మేకరునకు క్రొత్త ఘట్టములు పంపుట 2021 మార్చితో నిలిచిపోయెను; పంపిన వాని నాడుకొను సౌకర్యమును 2024 ఏప్రిలు 8వ తేదీన మూసివేయుదుమని సంస్థవారు ప్రకటించిరి. అంతలోపల, ఎవరును గెలువని ఘట్ట మొక్కటియు మిగులరాదని టీమ్ జీరో పర్సెంట్ అను నాటగాండ్ర బృందము పూనుకొనెను. ఏ పిల్లలో గట్టి పంపగా లోక మాదరింపని యనామక ఘట్టములనుండి నిపుణుల ఘోరఘట్టములవరకు నన్నిటిని వారు పంచుకొని యాడిరి. మార్చినెల నడుమకు ఒక్కటే మిగిలెను. దాని పేరు ట్రిమ్మింగ్ ది హెర్బ్స్. పేరు వినుటకు కొత్తిమీర తరిగినంత సుళువుగా నుండును. ఆడుటకు అర నిమిషమైన పట్టదు. కాని వేలమార్లు ప్రయత్నించినను ఎవరికిని చేత కాలేదు.

అప్పుడు దానిని గట్టినవారే బయటికి వచ్చి యొప్పుకొనిరి: తాము దానిని చేతితో నాడి గెలువలేదని, యంత్రసహాయముతో గెలిచినట్లు చూపి పంపితిమని. అనగా తాను దాటని గోతిని లోకమునకు త్రవ్వినట్లయ్యెను. బృందమువారు, ఇది లెక్కకు రాదు, నియమమునకు లోబడిన ఘట్టములన్నియు తీరినవని నిశ్చయించుకొని సంతోషింపవచ్చును. అట్లే చేసిరి గూడ. అయినను కొంద రూరకుండలేదు. తుదకు ఏప్రిలు 5వ తేదీన, తలుపులు మూయుటకు మూడు దినములముందు, ఒక యాటగాడు దానిని తన చేతులతో నాడి గెలిచెను. అసత్యముగా పుట్టిన ఘట్టమునకు సత్యమైన గెలుపు లభించినది. చేయదగినదని త్రవ్వినవాడు నిరూపింపని దానిని, పడినవారిలో నొకడు నిరూపించెను. ఆ వార్త వినినపుడు ఆటలంటే సరిపడని మాకు గూడ మనస్సు చల్లబడినది.

సోదరీమణులారా! మీ యిండ్లలో బిడ్డ లెవరైన నిట్టి ఘట్టమును గట్టుచున్నచో, వేళకు తెర కట్టివేయించుట మీ హక్కు. దానిని మే మడ్డము. కాని కట్టివేయించుటకు ముందొక్క పర్యాయము ‘ఏదీ, నన్నాడనిమ్ము’ అని ప్రక్కన కూర్చుండుడు. మీరు మొదటి గోతిలోనే పడుదురు. బిడ్డ పకపక నవ్వును. అప్పుడు కోపగింపక యొక్క ప్రశ్న వేయుడు: ‘నీవు దీనిని దాటితివా?’ దాటితినని చేసి చూపినచో మెచ్చుకొనుడు. దాటలేదన్నచో, ముందు నీవు దాటి తరువాత నన్ను పిలువుమనుడు. ఇరుగుపొరుగుల పిల్లలను వెక్కిరించునపుడును, తోడికోడలిని మేలమాడునపుడును, క్రొత్తకోడలిని పరీక్షించునపుడును జ్ఞప్తియందుంచుకొనవలసిన నీతి యంతయు నా యొక్క ప్రశ్నలో నున్నది. దానిని తెరముందు నేర్చిన బిడ్డ ఇంటిలో మరువకుండునట్లు చూచుట తల్లుల పని.